ఎయిర్ ఫిల్టర్ మూత

బాపు పోయాక, ఆయన నడిపిన పాత అంబాసిడర్‌ను మళ్లీ మొదట్లో ఉన్నట్టు చేయించాలని తిరుగుతున్న రోజులవి. ఇంజిన్‌లో ఏది కంపెనీది, ఏది కాదని చూస్తుంటే ఎయిర్ ఫిల్టర్ మూత తేడాగా కనిపించింది. అసలుది కావాలని దాన్ని పట్టుకుని హైదరాబాద్‌లో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఎక్కడా దొరకలేదు. కాళ్లు పీకుతుంటే దేవరకొండ బస్సులో కూలబడ్డాను.

పక్క సీటు పెద్దామె నా ఒళ్లోకి చూసింది.

"గిన్నె మూతకు నల్లరంగేసి, నడుమ బొక్క గొట్టిండ్రేంది బిడ్డా?"

"గిన్నెది కాదమ్మా, కారు ఇంజిన్‌ది," అన్నాను విసుగ్గా.

ఆమె మూత తీసుకుని, లోపలివైపు మసిని కొంగుతో గట్టిగా తుడిచింది.

"గిదో, పేరు గొట్టిచ్చిండ్రు. నాకు సదువు రాదు, జర సూడు. ఎవరిది?"

చుక్కలు చుక్కలుగా అక్షరాలు.

"మా అమ్మది."

మల్లేపల్లిలో దిగేటప్పుడు ఆమె, "గిన్నె ఇంట్లనే ఉంటది, దేవులాడుకో బిడ్డా," అంది.

వెతకాల్సిన పని లేదు. మా వంటింట్లో పెద్ద స్టీలు గిన్నె మీద అమ్మ ఎప్పుడూ పళ్లెమే బోర్లించేది. మూతేదమ్మా అంటే, "మీ బాపునడుగు" అనేది.