ఈ ఏటి పిక్

ఆ గురువారం ఆఫీస్ క్యాలెండర్‌లో ‘డెంటిస్ట్’ అని పెట్టి, ట్రాఫిక్ మొదలుకాకముందే కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా ఇంటికి చేరాను. ప్రతి ఏప్రిల్‌లోనూ నాకు ఒకసారి పన్ను నొప్పి వస్తుంది. మా మేనేజర్‌కి సంగతి తెలుసు, అడగడు. ఐదింటికి డ్రాఫ్ట్ మొదలవుతుంది. కాలేజీల్లో బాగా ఆడిన కుర్రాళ్లను అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే రోజు అది. కిందటేడు ఎంత చిత్తుగా ఓడితే అంత ముందు వంతు. ఆ లెక్కన మా జట్టుకు ముందు వరుసలో శాశ్వత సీటు ఉండాలి. కానీ జట్టు పెద్దలు ‘పిక్’లనే ఆ వంతులను ఎవరికో ఒకరికి ధారపోస్తూ వచ్చారు. జట్టులో బంతి విసిరే నాయకుడి స్థానానికి, మోకాలు అరిగిపోయిన ఓ ముసలి క్వార్టర్‌బ్యాక్ కోసం ఒకసారి రెండేళ్ల పిక్‌లు ఇచ్చేశారు. అతను సగం సీజన్ కూడా ఆడలేదు. ‘ఎవడబ్బ సొమ్మని?’ అని టీవీ మీద అరవడం నాకు అప్పుడే అలవాటైంది.

నాతో పాటు అరిచేది మా అమ్మాయి. ఏడేళ్లప్పుడు మొదలుపెట్టింది, ఇప్పుడు పదిహేడు. బట్టలు, ఫోన్, ఫ్రెండ్స్, ఏం మాట్లాడుకున్నా మాకు గొడవే. ఫుట్‌బాల్ ఒక్కటే గొడవ లేని చోటు. ఆగస్టులో బోస్టన్‌లో కాలేజీకి వెళ్లిపోతుంది. ఎప్పుడెప్పుడు వెళ్దామా అని దాని తొందర. పైకి అనలేదు గానీ, ఈ ఒక్క డ్రాఫ్ట్‌కైనా మేమిద్దరం కలిసి సంతోషంతో కేకలు వేస్తే చాలనుకున్నాను.

ఈసారి మాది మూడో వంతు. మాకు ఎవరు కావాలో చంటిపిల్లకైనా తెలుసు. మా కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను అవతలివాళ్లు పడగొడుతూనే ఉంటే, కిందటి సీజనంతా నేల మీదే ఉన్నాడు. అతని ముందు నిలబడి కాపాడే లైన్‌మన్ కావాలి. అలాంటివాడు, కొండంత మనిషి, మా వంతు దాకా మిగిలాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు.

“అమ్మా, హీ ఈజ్ స్టిల్ దేర్!” పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

పునుగుల ప్లేటుతో మా ఆయన వచ్చి సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయనది కరీంనగర్, క్రికెట్ తప్ప మరో ఆట ఆయన లెక్కలో ఆటే కాదు. “పెండ్లిచూపులప్పుడు గూడ మీ అమ్మ గింత టెన్షన్ పడలే” అన్నాడు.

“జరగండీ!” అన్నాను. “డాడీ, మూవ్!” అంది అది.

పేరు చెప్పడానికిచ్చిన గడువు తెర మూల గడియారంలో సగానికి వచ్చింది. మా వాళ్ల నుంచి పేరు రాలేదు. ఒక్క పేరు చెప్పడానికి ఇంతసేపెందుకు? కిందటేడూ ఇలాగే ఆలస్యం చేశారు.

“ట్రేడ్ చేయరు కదా?” అంది పిల్ల.

“చేయరు” అన్నాను, వాళ్లేదో నాతో ఫోన్‌లో చెప్పినట్టు. దాని వేళ్లు నా మోచేతిలోకి దిగిపోతున్నాయి.

తెర అడుగున అక్షరాలు పరిగెత్తాయి. మా జట్టు తన వంతును ఇంకో జట్టుకు ఇచ్చేసింది. బదులుగా ఈ రౌండ్ చివర్లో ఒక పిక్, వచ్చే ఏడాది మొదటి రౌండ్‌లో ఒక పిక్. కాసేపటికే మా కొండంత మనిషి ఆ పరాయి జట్టు టోపీ పెట్టుకుని వాళ్లమ్మను కావలించుకున్నాడు.

మా జట్టు జనరల్ మేనేజర్ టీవీలో నవ్వుతూ వచ్చి అభిమానులను ఓపిక పట్టమన్నాడు. భవిష్యత్తును నిర్మిస్తున్నాడట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నాకు ఒళ్లు మండిపోయింది. రిమోట్ టీవీకేసి కొడదామనుకుని, టీవీ కొన్నది నేనేనని గుర్తొచ్చి సోఫాలోకి విసిరాను.

ఇక పిల్ల కూడా అరుస్తుందని చూశాను. అది అరవలేదు. మోకాళ్లు ముడుచుకుని తెరనే చూస్తోంది. నాకు భయమేసింది. నోటికొచ్చింది అనేశాను: “పోనీలేమ్మా, నెక్స్ట్ ఇయర్ మనకి ఫస్ట్ రౌండ్‌లో రెండు పిక్‌లు ఉంటాయి.”

“నెక్స్ట్ ఇయర్, నెక్స్ట్ ఇయర్! ఆల్వేస్ నెక్స్ట్ ఇయర్!” అది నా వైపు తిరిగింది. “నెక్స్ట్ ఇయర్ నేను ఎవరితో చూస్తా, అమ్మా?”

మా ఆయన ప్లేటు బల్ల మీద పెట్టేశాడు. వెళ్లాలని అంత తొందరపడే పిల్లకు కూడా నాలాంటి బెంగే ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. దాన్ని దగ్గరకు తీసుకున్నాను. ఇద్దరం ఏడ్చాం.

టీవీలో ఆ జనరల్ మేనేజర్ ఇంకా ఓపిక గురించే చెబుతున్నాడు. ఆయన చేతిలో ఎన్ని ఏప్రిళ్లున్నాయో నాకు తెలియదు. నాకు మిగిలింది ఈ ఒక్కటే. దాన్నీ ఇచ్చేశాడు.