అమర్నాథ్ సారు ఉరికించిన కంప్యూటర్

ఏ మిషనైనా సరే, కంపెనీవాళ్లు పెట్టిన స్పీడుల నడుస్తుంటే అమర్నాథ్ సారుకు పానం ఒప్పకపోతుండె. మనిషి మెల్లగ నడిస్తే ఏమనకపోతుండె, మెల్లగ తింటే ఏమనకపోతుండె. మిషను మెల్లగ తిరిగిందంటే మాత్రం జేబులకెల్లి స్క్రూడ్రైవర్ తీస్తుండె. ఆ స్క్రూడ్రైవర్ లేకుంట ఆయనను నేను ఒక్కసారే చూసిన, మలేరియాతోని దవాఖానల పడ్డప్పుడు. నర్సు గుంజుకున్నదట. నూట మూడు జ్వరంల మంచమెక్కి ఫ్యాన్ విప్పబోయిండట మహానుభావుడు.

మాది జహీరాబాద్‌ల చెరుకు రైతుల సంఘం ఆఫీసు. నేను టైపిస్టును, పేరు మనోరమ. సారు హెడ్ క్లర్కు, నాకంటే ఇరవై ఏండ్లు పెద్ద. నేను నౌకరీల చేరిన మొదటి వారమే, అన్నం తిని వచ్చేసరికి నా టైపు మిషన్ స్ప్రింగు బిగించి పెట్టిండు. నాకేం ఎరుక? కూసొని మీట నొక్కిన. పైనున్న రోలరు సర్రున ఉరికొచ్చి, పక్కకెల్లి పోతున్న అటెండర్ సంగయ్య చేతిల చాయ్ గ్లాసును ఎగరగొట్టింది.

"సార్, ఏం చేసిన్రు దీన్ని?"

"స్పీడు పెంచిన అమ్మా! చూసినవా, ఎంత జల్ది పోయిందో!"

"చాయ్ పోయింది సార్."

"అదీ జల్దినే పోయింది," అన్నడు మురుసుకుంట.

ఇంట్ల గూడ గిదే కథ. ఆయన భార్య బాలమణక్క నాకు దోస్తు. "మా మిక్సీని బాగుచేసిండు మనోరమా. మూత ఎగిరిపాయె. ఇప్పుడు మా ఇంట్ల పల్లి చట్నీ తినాలంటే నిచ్చెనేసుకొని కప్పు గీకాలె" అంటుండె. మోపెడ్ సంగతి బొంబాయి రోడ్డు మీద లారీ డ్రైవర్లనడగాలె. ఒకనాడు దిగుడుల రెండు లారీలను దాటిండు. దాటినోడు ఆగొద్దా? పోయి పోయి అల్లం చేన్ల పడ్డడు. లేసి బట్టలు దులుపుకుంట, "బండి బరాబరే ఉన్నది, బ్రేకే మెల్లగ చేసిన్రు" అన్నడు.

గిసుంటి మనిషి చేతిల ఎనబై ఎనిమిదిల కంప్యూటర్ పెట్టిన్రు. కొత్తది కాదు, పట్నంల ఎవరో వాడి వాడి పక్కకు పడేసిన ముసలిది. అయినా కొబ్బరికాయ కొట్టినం, కుంకుమ పెట్టినం, చెప్పులు బయట ఇడిచి లోపలికి పోయినం. దాన్ని చల్లగ ఉంచాలెనని ఒక ఏసీ గూడ వచ్చింది. మా ప్రెసిడెంటు మల్లికార్జున్ పటేల్ ఆ ఏసీని తన గదిల పెట్టించుకున్నడు. "కంప్యూటర్‌కు చెమట పడుతదా? నాకు పడుతది" అన్నడు. కంప్యూటర్‌కు టేబుల్ ఫ్యాన్ ఇచ్చిన్రు.

కంప్యూటర్ పని ఒక్కటే. రేపు ఏ రైతు చెరుకు కొట్టుకోవాలెనో వంతు లిస్టు తీసుడు. పొద్దున తొమ్మిదికి ఫ్యాక్టరీకెల్లి ఫోనొస్తది, రేపటికి ఇంత చెరుకు కావాలెనని. అప్పటిసంది అది లెక్కలేసుకుంట కూసుంటే లిస్టు బయటికొచ్చేసరికి ఒంటిగంట. దగ్గరి ఊర్లోళ్లు సైకిళ్ల మీద వచ్చి చూసుకొని పోతరు. తిప్పలంత రాయికోడోళ్లది. పొద్దున వచ్చిన బస్సే పన్నెండుకు వాపస్ పోతది, మళ్ల బస్సు లేదు. వాళ్లకు లిస్టు అందేది తెల్లారి పన్నెండు బస్సుల, చెరుకు కొట్టాల్సిన దినం పోయినంక. వంతు తప్పితే మళ్ల నెల దినాలు ఆగాలె.

రాయికోడ్ బస్వమ్మకు రెండెకరాల చెరుకు. మొగుడు లేడు. గట్ల మూడు వంతులు తప్పినయి. ఒకనాడు పొద్దుగాలే మా ఆఫీసుకొచ్చి గడప మీద కూసున్నది.

"చెరుకంత పూతకొచ్చె సారూ. ఎండుకపోతున్నది. ఇంకొక్క వంతు తప్పితే పొయిల పెట్టనీకె పనికొస్తది. నా నోట్ల మన్ను కొడుతరా?" అని ఒక్కతీరుగ ఏడ్చింది.

నేను అమర్నాథ్ సారు దిక్కు చూసిన. ఆయన గడ్డం గోక్కుంట, "నువ్వొచ్చిన బస్సు ఎంత స్పీడుల వచ్చిందమ్మా?" అని అడిగిండు. చేతిల ఉన్న రిజిస్టర్ మొఖాన కొడుదామన్నంత కోపమొచ్చింది నాకు. బస్వమ్మ గూడ, ఈయనకు పిచ్చేమోనని కండ్లు తుడుచుకొని లేసి పోయింది.

ఆ మర్నాటి సంది సారు కంప్యూటర్ వెంట పడ్డడు. "మనోరమమ్మా, దీని లోపల ఒక గడియారం ఉంటది. అది ఒక్కసారి టిక్కుమంటే ఇది ఒక్క అడుగేస్తది. ఆ గడియారాన్ని జర ఉరికిస్తే?"

"గోడ గడియారాన్ని ఉరికిచ్చిన్రు గద సార్. నెల దినాలు అందరం అర్ధగంట ముందుగాల ఇంటికి పోయినం."

"ఎవరన్న బాధపడ్డరా?" అన్నడు. నిజమే, ఎవ్వరం బాధపడలే.

పట్నం పోయి ఒక ఫ్లాపీ తెచ్చిండు. అండ్ల ఉన్న ప్రోగ్రాం కంప్యూటర్‌ను మాటిమాటికి ఆగి దమ్ము తీసుకోనియ్యదట. పావుగంట కలిసొచ్చింది. సారుకు పావుగంట ఏం సరిపోతది? డబ్బా విప్పి, లోపల టిక్కుటిక్కుమనే గోరంత రేకు ముక్కను పీకి, దానికంటే జోరుగ కొట్టుకునేది తెచ్చి అతికిచ్చిండు. అప్పుడు చూడాలె! నాలుగు గంటల పని రెండుంబావుకు దిగింది. కానీ, పెనం లెక్క కాలుతుండె. కాలితే దానికి మతి తప్పుతుండె. ఒకనాడైతే ప్రెసిడెంటుకు ఆరు వేల ఎకరాల చెరుకు ఉన్నట్లు లిస్టు కొట్టింది. నేను లబలబలాడుకుంట తీసుకపోయి చూపిస్తే పటేల్ అద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివి, "తప్పేమున్నది? ఉండనియ్" అన్నడు.

సారు తడి గోనెసంచులు కప్పిండు, పక్కకు నీళ్ల కుండలు పెట్టిండు. బాలింతకు గూడ అంత సేవ ఉండదు. ఒక దినం తప్పుల లిస్టు కొడితే రెండు దినాలు బిగుసుకపోతుండె. ఎట్లయినా మళ్ల పాత రేకు ముక్క, మళ్ల ఒంటిగంట దాటుడు. ఇంత గోస పడి కూడా దినం పన్నెండు కొట్టే ముందర మోపెడ్ మీద మాయమైతుండె. ఇరవై నిమిషాలకు వస్తుండె. బస్టాండ్ కాడి హోటల్ల మిర్చిల మొదటి వాయి దిగేది సరిగ్గ ఆ టైముకే. నాకు సమజైంది. పని జల్ది అయితే నిమ్మళంగ కూసొని మిర్చిలు తిందామని ఈయన ఫికర్! నోటి రుచి కోసం సంఘం కంప్యూటర్‌ను కాల్చుతున్నడని తిట్టుకున్న.

ఏప్రిల్ వచ్చింది. మళ్ల బస్వమ్మ వంతు వచ్చేటట్లున్న దినం. పొద్దున తొమ్మిదికే నిప్పులు కక్కుతున్నది ఎండ. కంప్యూటర్ తొమ్మిదీ పదికొకసారి, తొమ్మిదీ ఇరవైకొకసారి బిగుసుకపోయింది. సారు లేసి, గోనెసంచి గుంజి పారేసి, "సంగయ్యా, డబ్బా ఎత్తు! మనోరమమ్మా, నువ్వు మీటల పలక పట్టుకో!" అని, టీవీ లెక్కున్నదాన్ని తను సంకకెత్తుకున్నడు. సంగయ్య మళ్ల వెనుకకు పోయి ప్రింటర్ గూడ మోసుకొచ్చిండు. పెండ్లి సామాన్లు మోసినట్లు మోసుకుంట సక్కగ ప్రెసిడెంటు గదిలకు పోయినం.

పటేల్ బనీను మీద, కాళ్లు టేబుల్ మీద పెట్టి పండుకున్నడు. ఉలిక్కిపడి కండ్లు తెరిచిండు.

"ఏందయ్యా ఇది? నా గదిల?"

"ఆరు వేల ఎకరాలు చూపిచ్చింది ఇదే పటేలా. చల్లగుంటే ఇంకేమేం చూపిస్తదో!"

పటేల్ టేబుల్ మీదికెల్లి కాళ్లు తీసిండు.

సారు ఏసీ మీట చివరిదాక తిప్పిండు. గంట సేపట్లకు నా పండ్లు టకటక కొట్టుకోబట్టినయి. పటేల్, మొన్న సన్మానంల కప్పిన శాలువా తీసి చెవుల దాక కప్పుకున్నడు. బయట జనం ఎండకు సొమ్మసిల్లుతుంటే, లోపల మేము నలుగురం చలికి వణుక్కుంట కంప్యూటర్ మొఖం చూసుకుంట కూసున్నం. అది ఒక్కసారి గూడ ఆగలే. పదకొండు నలభైకి ప్రింటర్ గరగరమన్నది. నేను ఒక్కొక్క పేరు రిజిస్టర్‌తోని కలిపి చూసిన. ఒక్క తప్పు లేదు. రాయికోడ్ కాయితంల మూడో పేరు బస్వమ్మది.

"అయ్యిందమ్మా?"

"అయ్యింది సార్."

కాయితం చింపుకొని మోపెడ్ మీద ఉరికిండు. పన్నెండుకు అయిదు నిమిషాలు. అప్పుడు చూసుకున్న, కాయితం మీద ముద్ర లేదు! ముద్ర లేని లిస్టుతోని చెరుకు కొట్టుకొస్తే ఫ్యాక్టరీ కాటా కాడికెల్లే వాపస్ పంపుతరు. నేను ముద్ర, సిరా డబ్బీ పట్టుకొని, చీర కుచ్చిళ్లు ఎత్తుకొని వెంట ఉరికిన. ఈ మనిషి మిర్చిలు తినుకుంట నూనె మరకలు చేస్తడేమోనని ఒకటే గుబులు.

హోటల్ల లేడు. రాయికోడ్ బస్సు ముందర రెండు చేతులు చాపుకొని నిలబడ్డడు. డ్రైవర్ హారన్ మోగిస్తున్నడు. కండక్టర్ పీటర్ దిగి, "ఇంక పోనియ్ సారూ, టైమైంది" అంటున్నడు.

నేను ఆయాసపడుకుంట పోయి ఇంజిన్ మూత మీద కాయితం పెట్టి ముద్ర గుద్దిన. పీటర్ ఆ కాయితం దిక్కు, సారు దిక్కు చూసి, "అయ్యిందా సారూ, ఆఖరికి?" అని నా దిక్కు తిరిగిండు. "నెల దినాల సంది దినాం వస్తున్నడమ్మా ఈ సారు. ఉత్త చేతులతోని వచ్చి, ఒక్క పది నిమిషాలు ఆగు, అయితదేమో అంటడు. నేనెట్ల ఆపుత? బస్సు పోయేదాక నిలబడి, మొఖం వేలాడేసుకొని పోతడు."

నాకు సిగ్గుతోని తల ఎత్తబుద్ధి కాలే. నెల దినాలు మిర్చిలనుకున్న!

"నాతోని ఒక్కమాట చెప్పొద్దా సార్?"

"కాని పనిని ఏమని చెప్పాలమ్మా," అన్నడు, మోపెడ్ అద్దంల చూసుకుంట చెమట తుడుచుకొని.

మూడో దినం పొద్దుగాలే బస్వమ్మ ఆఫీసుకొచ్చింది. చెరుకు కొట్టి కాటా వేయించినట్లుంది, చేతులకు ఇంకా గీతలున్నయి. దండం పెడుతదేమో, ఏడుస్తదేమో అని నేను కుర్చీ జరిపిన. ఆమె నడుం మీద చేతులు పెట్టుకొని సారు మీద పడ్డది.

"గింత ఉరుకులాట ఏంది కొడుకా? పొద్దుమీకి లిస్టొచ్చె, తెల్లారితే కొట్టాలెనంటిరి! కొట్టేటోళ్లను పిలుచుకోనియ్యవా? బండి మాట్లాడుకోనియ్యవా? ఊరంత కాళ్లు మొక్కి తెచ్చుకున్న. ఇంత జల్ది పంపితే మనుషులెట్ల బతుకుతరు? వచ్చేసారి జర నిమ్మళంగ పంపు!"

ఆ తిట్లు వినుకుంట అమర్నాథ్ సారు మొఖం మతాబు లెక్క వెలిగింది. అట్లనే అమ్మా, అట్లనే అమ్మా అని తలూపిండు. ఆమె గడప దాటంగనే నా దిక్కు తిరిగి, "విన్నవా? జల్ది వచ్చిందట! మనోరమమ్మా, ఫిర్యాదు పుస్తకం తియ్యి. రాయి, రాయి!" అన్నడు.

రాసిన: 'రాయికోడ్ బస్వమ్మ ఫిర్యాదు. వంతు లిస్టు మరీ తొందరగా అందుచున్నది.' సారు దాని కింద సంతకం పెట్టిండు. జర ఆగి, ఇంకా ఆగబుద్ధి కాక, పక్కకు మళ్ల ఒకటి పెట్టిండు.