సోమ, గురు, శనివారాల రీడింగులు

కొలత పరికరాలను సరిచూడడం నా వృత్తి. అందుకే మా అమ్మ బీపీ ఒకరోజు 132, మరునాడు 170 చూపినప్పుడు నా మొదటి అనుమానం యంత్రం మీదికే పోయింది.

అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. బీపీ ఉన్నది ఇరవై ఏళ్లుగా. మూత్రంలో ప్రొటీన్ పోతోందని, క్రియాటినిన్ 1.5కి చేరిందని, బీపీని ఇలాగే వదిలేస్తే కిడ్నీలు నిలవవని డాక్టరు చెప్పారు. మాకది వట్టి హెచ్చరిక కాదు. కుప్పంలో ఉన్న అమ్మ సొంత అక్క అప్పటికే వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతోంది.

నెల రోజులపాటు సాయంత్రం ఆరింటికి అమ్మను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, రెండుసార్లు కొలిచి సగటు రాసి గ్రాఫు గీశాను. సోమ, గురు, శనివారాల్లో గీత పైకి లేచేది. అవి అమ్మ పుంగనూరు నుంచి మొదటి బస్సుకు మదనపల్లె మండీకి టమాటాలు ఏరడానికి పోయే రోజులు. మానుకోమంటే అమ్మ మానేది కాదు. అలసట కారణమనుకుని ఆ రోజుల్లో అరగంట పడుకోబెట్టి కొలిచాను. యంత్రాన్ని ఆస్పత్రి పరికరంతో పోల్చాను. వంటింటి ఉప్పు తూకం వేసి ఇచ్చి తిట్లు తిన్నాను. గీత మారలేదు.

గ్రాఫు తీసుకుని ఆస్పత్రికి వెళ్లాం. నర్సమ్మ దాన్ని ఒకసారి చూసి, ఆ మూడు రోజులూ అమ్మ ఎక్కడికి పోతుందో నన్నడిగి, మడిచి పెట్టి, నన్ను తెర ఇవతల నిలబెట్టి అమ్మను అడిగారు.

“మండీకి పొయ్యే దినం మాత్ర ఏసుకుంటావామ్మా?”



“అది ఏసుకుంటే గంటకోసారి ఒంటికి లేయాల. ఆడంతా మొగోళ్లు, లారీలు. యాడికని పొయ్యేది? నీళ్లు గూడా తాగను.”

“ఇంటికొచ్చినాకైనా ఏసుకోవచ్చు గదా?”

“రేత్రంతా లేస్తా ఉండాల గదమ్మా.”

“నేనూ బస్సు దినాల్లో నీళ్లు తాగనులే. మీ కొడుకు ఇన్ని గీతలు గీసినాడే, ఈ మాట అడగలేదా?”

“మొగబిడ్డకు అవన్నీ ఎట్ల సెప్పేదమ్మా? వాడేమో మిషన్‌కు బ్యాటరీలు మారస్తా ఉండాడు.”

ఇద్దరూ నవ్వారు. తెర ఇవతల నాకు మొహం వేడెక్కింది. అమ్మ మాత్ర వేసుకుంటోందా అని మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

నర్సమ్మ చెప్పిన దాన్నిబట్టి డాక్టరు మూత్రం ఎక్కువ చేసే ఆ మాత్ర తీసి వేరేది రాశారు, నీళ్లు మానొద్దన్నారు. ఆ గురువారం నేనూ మండీకి వెళ్లి, యజమాని భార్యతో మాట్లాడాను. గోదాము వెనకనే వాళ్లిల్లు. ఆమె, “అడగాల్నా అప్పా? ముందే సెప్పింటే పోయేది గదా,” అని మరుగుదొడ్డి ఉన్న పెరటి తలుపు గడియ తీసి పెట్టారు. ఇప్పుడు అమ్మతోపాటు కాయలు ఏరే మరో నలుగురూ ఆ తలుపు గుండానే పోతారు.

ఆరు నెలల తరువాత రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ అదే 1.5.

“తగ్గలేదా?” అంది అమ్మ.

పాడైన భాగం మళ్లీ బాగుపడదని, పెరగకపోవడమే మనకు దక్కిన మేలని వివరించాను.

“అయితే ఆ నర్సమ్మకు సెప్పు. యాలంటే, నువ్వు సెప్తే ఆయమ్మ నమ్మతాది, కాయితం సూపిస్తావు గదా.”

ఆ కాగితం తీసుకుని మరునాడే వెళ్లాను. ఈసారి గ్రాఫు తీసుకుపోలేదు.