మున్షీ సాబ్ జొన్నల కొలత

మున్షీ సాబ్ పోయారన్న మాట నాకు మొదట పాలామె చెప్పింది. శుక్రవారం పొద్దున. నేను నమ్మలేదు. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ముందటి రోజు సాయంత్రం కూడా ఆయన దగ్గు విన్నాను.

"ఎవరు చెప్పిన్రు నీకు?" అని అడిగాను.

ఆమె చెంబు కింద పెట్టింది. "గీ ముచ్చట గుడ అబద్ధమాడుతనా అయ్యా? పొయ్యి సూడరాదు, గోడ పక్కనే గదా" అంది.

ఎవరేం చెప్పినా ముందు అనుమానపడటం నాకు ఆయన దగ్గరే అబ్బింది. ఆయన పోయిన సంగతి కూడా అలాగే విన్నాను.

జుమ్మా నమాజు తర్వాత జనాజా లేచింది. శవానికి చుట్టే కఫన్ గుడ్డకు కుట్టు ఉండదు. నలభై ఏళ్లుగా ఈ మెదక్‌లో బట్టలు కుడుతున్నా, ఆ రోజు ఆ ఇంట్లో దర్జీకి పని లేదు. చెప్పులు విడిచిన చోటే నిలబడి ఉన్నాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. నేను చదివింది అల్లాదుర్గ్ దగ్గర మా ఊరి బడిలో నాలుగో తరగతి. మాట్లాడటం అంతకన్నా తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన రామాయంపేట రోడ్డు మీది నూనె మిల్లులో చాలా ఏళ్లు మున్షీగా లెక్కలు రాశారు. ఏదో మాట పట్టింపు వచ్చి మానేశారు. ఏ మాటో ఎవరికీ చెప్పలేదు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తెల్ల టోపీతో ఉండేవారు. కొత్త చొక్కా ఇస్తే వేసుకునే ముందు ప్రతి బొత్తాన్నీ పట్టి లాగి చూసేవారు. అగ్గిపెట్టె కొంటే చెవి దగ్గర పెట్టి ఊపేవారు. ఎవరైనా వచ్చి దుకాణం మంచిగా నడుస్తుంది అంటే చాలు, "ఏ ఏడు?" అని అడిగేవారు. ఈ ఏడు అంటే, "దాని ముందటేడు?" అనేవారు. అలా నాలుగైదు ఏళ్లు వెనక్కి పోయేసరికి అవతలి మనిషి లేచి వెళ్లిపోయేవాడు.

"ఒక్క ఏడాది లాభం చూపెట్టేటోనికి చాయ్ పొయ్యి, పైసలియ్యకు" అని ఆయన మాట.

నాకూ ఆయనకూ మధ్య ఒక షేర్వానీ ఉంది. రంజాన్ పండక్కి కుట్టమని గుడ్డ ఇచ్చారు. ఆయన కొలతలు నా పుస్తకంలో ఏనాటి నుంచో ఉన్నాయి. మనిషి లావయ్యే రకం కాదు. మళ్లీ కొలవకుండా పుస్తకం చూసి కోసేశాను. తొడుక్కుంటే ఛాతీ దగ్గర బొత్తాం పడలేదు. ఊపిరి బిగబట్టి పెట్టుకుంటే పైది ఊడి వచ్చింది.

ఆయన కోప్పడలేదు. దుకాణమంతా అనుమానంగా చూశారు. మిషన్ చూశారు, పుస్తకం చూశారు, నన్ను చూశారు. తర్వాత నా మెడలో ఉన్న టేపు తీసి, బల్ల మీది ఇనుప గజం పక్కన పరిచారు. టేపులో ముప్పై ఆరో అంగుళం గీత గజం చివరి దాకా రాలేదు. రెండు వేళ్లు ఇవతలే ఆగింది. వానాకాలమంతా మా పెంకుల కప్పు కారి ఆ గుడ్డ టేపు ఎన్నిసార్లు నానిందో, ఎన్నిసార్లు ఎండిందో! నేను గమనించలేదు.

"నువ్వు తప్పు కొయ్యలేదు భాయ్. పుస్తకంల అంకెలు పాత టేపువి. కోసింది పొట్టి టేపుతోని" అన్నారు. వెళ్తూ, "గా టేపు పారెయ్యకు, నాకియ్యి" అని చుట్టి జేబులో వేసుకున్నారు.

ఎందుకో చెప్పలేదు. నేను చాలా రోజులు నిద్ర సరిగా పోలేదు. నా గిరాకీ అంతటికీ ఆ టేపు చూపిస్తాడేమో, నా పేరు చెడగొడతాడేమో అనుకున్నాను. ఆయన ఆ షేర్వానీనే పై బొత్తాం లేకుండా తొడుక్కుని బజారులో తిరుగుతుంటే, కావాలనే తిరుగుతున్నాడనుకున్నాను.

అరవై తొమ్మిది నాటి తెలంగాణ గొడవ సద్దుమణిగిన రెండేళ్లకు నా చూపు తగ్గడం మొదలైంది. సూదిలో దారం మా ఆమె ఎక్కించి ఇవ్వాల్సి వచ్చేది. ఇంక ఎన్నాళ్లు కుడతానని, మా సొంతూళ్లో ఉన్న రెండెకరాల చెలక అమ్మేశాను. ఆరు వేలు వచ్చాయి. మాకు పిల్లలు లేరు. మేమిద్దరం పోయేదాకా తినాల్సింది ఆ ఆరు వేలే.

సరిగ్గా అప్పుడే నూనె మిల్లు మనిషి షేర్లు అమ్ముతూ ఊళ్లో తిరిగాడు. తెల్ల ప్యాంటు, చేతిలో తోలు సంచి. షేరు మూడు వందలు. అంతకు ముందు ఏడు నూనె ధర మండిపోయి మిల్లుకు బాగా వచ్చింది. షేరు ఒక్కింటికి యాభై రూపాయల లాభం.

"మూడొందలు పెట్టు, ఏడాదికి యాభై. ఆరేండ్లల్ల నీ పైసలు నీకు వాపస్. ఆ తర్వాత అంతా లాభమే తాతా" అన్నాడు.

చేగుంట నుంచి మా బావమరిది వచ్చి పది షేర్లు కొన్నాడు. "బావా, నువ్వు గజం బెట్టి కొలుసుకుంట కూసో. లోకమంతా కొనుక్కుని పోతది" అని ఎగతాళి చేశాడు. మా ఆమె కూడా, "మా తమ్ముడు ఊకెనే పెడతడా? నీకు గట్టిగ అవునన రాదు, కాదన రాదు" అంది. నిజమే. నాకు రెండూ రావు.

ఆ మనిషి మా అరుగు మీద కూర్చుని ఉండగా మున్షీ సాబ్ వచ్చారు. "యాభై ఏ ఏడు?" అన్నారు.

"పోయినేడు, మున్షీ సాబ్."

"దాని ముందటేడు?"

"పాత ముచ్చట్లు ఎందుకుండ్రి. ముంగట చూడుండ్రి" అని అతను నవ్వి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

మున్షీ సాబ్ నన్ను వాళ్లింటికి పిలిచారు. గోడలో ఉన్న అల్మారా తలుపు తెరిచారు. తలుపు లోపలివైపు సుద్దతో ఉర్దూలో అంకెలు, పైనుంచి కిందికి. ఏటా కొత్త జొన్నలు అంగడికి వచ్చిన మొదటి వారం, బస్తా ధర ఎంతో అక్కడ రాసి పెట్టేవారట. మిల్లులో జీతం పెంచామని చెప్పినప్పుడల్లా, ఆ జీతానికి ఎన్ని జొన్నలు వస్తాయో చూసుకోవడానికి మొదలుపెట్టారు. ఆ తలుపుకే ఒక మేకు. మేకుకు నా టేపు వేలాడుతోంది.

"గిది ఎందుకు దాచిన్రు?" అన్నాను.

"రూపాయి ఎట్లుంటదో యాదికుండనీకి" అన్నారు. "పదేండ్ల కింద నూరు కిలోల బస్తా నలభై. ఇయ్యాల నూరు. జొన్నలు మారలే, రూపాయి పొట్టిదైంది. పాత ఏండ్ల రూపాయలు, కొత్త ఏండ్ల రూపాయలు కలిపి కూడితే నా షేర్వానీ లెక్కనే అయితది."

మిల్లు ఏటేటా అచ్చు వేసే జమాఖర్చు కాగితాలు పదేళ్లవి తీశారు. ఒక్కొక్క ఏడు షేరుకు వచ్చిన లాభం చదవడం, తలుపు మీద ఆ ఏడు ధర చూడటం, దాన్ని జొన్నలుగా మార్చడం. మొదటి ఏడాది ఎనిమిది రూపాయలు. అప్పటి ధరకు ఇరవై కిలోలు. ఒక ఏడాది నాలుగే రూపాయలు. రెండేళ్లు నష్టం. నష్టం వచ్చినదాన్ని తీసేస్తూ పోయారు.

"నష్టపు ఏండ్లు గుడ కలుపుతరా?" అన్నాను.

"కలపకుంటే ఎట్ల? గా ఏండ్లు మిల్లు ఏడికన్న ఊరికి పోయిందా?"

పదేళ్లకు మొత్తం నూట యాభై కిలోలు. అంటే సగటున ఏడాదికి పదిహేను. షేరు ధర మూడు వందలంటే ఆ రోజు లెక్కన మూడు వందల కిలోలు.

"ఆరేండ్లు కాదు భాయ్, ఇరవై ఏండ్లు. నీకు ఇప్పుడెన్ని ఏండ్లు?"

నాకు అప్పటికి అరవై దాటింది.

నమ్మానా? లేదు. ఇంటికి వస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆ అచ్చు కాగితాలు షేర్లున్న వాళ్లకే వస్తాయి. అంటే ఈయనకు షేర్లున్నాయి. తన దగ్గర ఉంచుకుని నన్ను వద్దంటున్నాడు. మిల్లు మీద పాత కోపం కూడా ఉంది. ఆ కోపంతోనే తక్కువ చేసి చూపించి ఉంటాడు. మర్నాడు గోడ దగ్గర కనిపిస్తే, ఎన్నడూ లేనిది, అడిగేశాను.

"మిల్లు మీద మీకు కోపమున్నదట గదా?"

"ఉన్నది" అన్నారు. "గందుకే జొన్నల చూపెట్టిన. ఉట్టి రూపాయలు కూడి చూడు. ఏడాదికి పదకొండే వస్తయి. ఇరవై ఏడేండ్లు పడతది. కోపంతోని చెప్పేటోణ్ణయితే గదే చెప్తుంటి. జొన్నలు మిల్లుకు న్యాయం చేసినయి."

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. పాత ఏళ్ల రూపాయి పెద్దది కాబట్టి, జొన్నలుగా మారిస్తే పాత లాభాల విలువ పెరుగుతుందని, అది మిల్లుకే మేలని, చాలా రోజుల తర్వాత మిషన్ తొక్కుతుంటే తెలిసింది. అప్పటికి నేను కొననూ లేదు, కొననని చెప్పనూ లేదు. షేర్ల మనిషి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ తల వంచుకుని కుట్టుకుంటూ కూర్చున్నాను. పైసలు పోస్టాఫీసులోనే ఉన్నాయి.

రెండేళ్లు గడిచాయి. నూనె ధర దిగింది. ఒక ఏడు మిల్లుకు వచ్చింది కొంచెమే, మరో ఏడు ఏమీ లేదు. మూడు వందల షేరు తొంభైకి వచ్చింది. కొనేవాడు లేడు. మా బావమరిది మా ఇంటికి రావడం తగ్గించాడు. ఊళ్లో మిల్లు పేరెత్తితే తిట్టేవాళ్లే.

అప్పుడొక రోజు మున్షీ సాబ్ మా అరుగెక్కి, "ఇప్పుడు కొనుక్కో" అన్నారు.

నేను కత్తెర కింద పెట్టాను.

"హిసాబు మల్ల చేసిన. మంచి ఏడు, చెడ్డ ఏడు కలిపితే పదేండ్ల సగటు గా పదిహేను కిలోల కాడనే ఉన్నది. బస్తా నూట ఇరవై అయింది. తొంభై రూపాయలంటే డెబ్బై అయిదు కిలోలు. అయిదేండ్ల సగటు పెడితే షేరు నీది. గప్పుడు ఇరవై, ఇప్పుడు అయిదు. మిల్లు గదే. మారింది మనుషులే."

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మీవేనా అమ్మేది?"

ఆయన టోపీ సర్దుకున్నారు. "లేదు భాయ్" అని మెల్లగా అరుగు దిగి వెళ్లిపోయారు. నెల దాకా గోడ అవతలి నుంచి దగ్గే తప్ప పలకరింపు లేదు.

నెల ఆగి నేనే మిల్లు ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తాను, మున్షీ సాబ్ ఎన్ని షేర్లు అమ్మిండు అని అడిగాను.

అతను రిజిస్టరు తిప్పి నవ్వాడు. "అమ్ముడా? పదిహేను కొన్నడు. ఆయన ఇన్నేండ్లల్ల ఒక్కటి గుడ అమ్మలే. మూడొందలున్నప్పుడు అమ్ముమంటే, 'గింత ధరకు నా దగ్గర కొనేటోడు నా మీద నమ్మకంతోనే కొంటడు, వాడు నా పక్కింటోడే గావచ్చు, వానికెట్ల అమ్మాలె' అన్నడు."

గుమాస్తా దాన్ని నవ్వులాటగానే చెప్పాడు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. సగం పైసలకు షేర్లు కొన్నాను, సగం పోస్టాఫీసులోనే ఉంచాను. ఒక ఏడు బాగానే వస్తుంది, ఒక ఏడు రాదు. అన్నీ కలిపితే మా ఇద్దరికీ తిండికి, మందులకు ఇన్నాళ్లూ లోటు రాలేదు.

మిల్లు ఆఫీసుకు వెళ్లిన రోజు సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లాను, మాఫ్ చేయమని అడుగుదామని. చాయ్ పోశారు. చాయ్ తాగాను. షేర్వానీ మళ్లీ కుట్టి ఇస్తాను, గుడ్డ నాదే అన్నాను. "ఉండనీ. గిది బిగుతుగ ఉంటేనే మంచిగుంది. ఎవరన్న అడిగితే ముచ్చట చెప్తందుకు అయితది" అని నవ్వారు. నేను లేచి వచ్చేశాను. అడగాల్సింది అడగలేదు. ఆ తర్వాత రోజూ కనిపించారు. రోజూ రేపడుగుదాం అనుకున్నాను.

ఆయన పోయిన మూడో రోజు ఫాతెహా ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆయన భార్య బేగం సాబా అల్మారా తెరిచి పర్దా వెనక నుంచి పిలిచారు. తలుపు మీద అంకెల వరస అడుగుదాకా వచ్చింది. ఈ ఏటి ధర కూడా ఉంది, చివరి అంకె కొంచెం వంకరగా.

"గా టేపు మీదే గదా, తీస్కపోండ్రి. మీరు ఎన్నడన్న వచ్చి అడుగుతరని చూస్తుండె" అన్నారామె.

ఏది అడుగుతానని చూశారో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంటికి తెచ్చి బల్ల మీద పరిచాను. అప్పుడు కూడా నమ్మకం కుదరక ఇనుప గజం తీసి పక్కన పెట్టాను. వేళ్లతో సాపు చేశాను, చివర పట్టి కొంచెం లాగాను. ముప్పై ఆరో గీత అక్కడే ఆగింది, రెండు వేళ్లు ఇవతల. ఆ రెండు వేళ్ల ఖాళీలో బల్ల చెక్క కనిపిస్తోంది.