మేజరుగారి రొమ్ము మీది శిలువ

మా ఊళ్లో స్థిరపడిన మేజరు నికనోర్ సవ్విచ్ పాతికేళ్లు సైన్యంలో ఉండి బూట్ల గోదాము గడప దాటి ఎరగడు. రోజూ పొద్దున్నే మీసాలకు మసీ, బాతుకొవ్వూ కలిపి పట్టించి, పొట్ట మీద కోటు గుండీలు పనిమనిషి చేత పెట్టించుకుని, టీ కాచే సమోవారు ముందు కూర్చుని యుద్ధాలు చేసేవాడు. ఆయనకు తన తైలచిత్రం వేయించుకోవాలనే సరదా పుట్టింది. రొమ్ము బోసిగా ఉందన్నాడు చిత్రకారుడు. వెంటనే ఇంట్లో కట్టెలు కొట్టే కొయ్యకాలు తెరెంతికి కబురు వెళ్లింది. తెరెంతి సెవస్తోపోల్‌లో జరిగిన యుద్ధంలో కాలు పోగొట్టుకుని, వెండి శిలువ పతకం తెచ్చుకున్న సిపాయి.

"నీ చిరుగుల కోటుకి అదెందుకురా? బొమ్మ అయ్యేదాకా ఇలా తే," అన్నాడు మేజరు.

బొమ్మ పూర్తయింది. ఊరంతా వచ్చి చూసి, టీ తాగి, మెచ్చుకుని వెళ్లింది. తెరెంతి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈస్టరుకి గుడికి పెట్టుకెళ్తాను దొరా, నా శిలువ ఇప్పించండి."

"రంగు ఇంకా ఆరలేదురా. తొందరేం?"

ఆ మాటే వేసవిలోనూ అన్నాడు, మంచు పడ్డాకా అన్నాడు. తెరెంతి దగ్గుతో మంచం పట్టి భార్య మావ్రాను పంపాడు.

"అదొక్కటే అడుగుతున్నాడయ్యా," అందామె.

"చచ్చేవాడికి సోకులా?" అని నవ్వాడు మేజరు.

తెరెంతిని ఉత్త కోటుతోనే పెట్టెలో పడుకోబెట్టారు. సమాధి దగ్గరికి మేజరు కూడా వచ్చాడు, ఆ శిలువ పెట్టుకుని. కొత్తగా వచ్చిన పాదిరీ దాన్ని చూసి తలవంచి, ఏడుస్తున్న మావ్రాను పక్కకు జరిపి, వీరుడికి ముందు చోటిచ్చాడు. మేజరు ఛాతీ విరుచుకుని అక్కడ నిలబడ్డాడు.