సూటు కింద సైకిల్ నిక్కరు

పరువు పోగొట్టుకోవడానికి మనిషికి శత్రువులు అక్కర్లేదు. ఒక లైబ్రరీ కార్డు, ఒక సూటు, పాడైన పొట్ట చాలు. ఆ మూడూ నాకు ఒకే రోజు సమకూడాయి.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, మడివాళలో పీజీ హాస్టల్లో గది, ఆదివారాలు సైకిల్ క్లబ్బు. ఆ క్లబ్బువాళ్ళు ఏటా ఒక హోటల్లో విందు చేసేవారు. సూటు, టై తప్పనిసరి. కొత్త కెప్టెన్ పేరు అక్కడే ప్రకటించేవారు. మూడుసార్లు పిలిచినా వేదిక ఎక్కకపోతే పదవి తర్వాతివాడికి. ఆ ఏడు నా పేరేనని అందరికీ తెలుసు. తర్వాతివాడు సుధాకర్. ఎత్తు రోడ్డు కనిపిస్తే చాలు, సైకిల్ దిగి ఫోన్ మాట్లాడే రకం.

విందు రోజు పొద్దుటి నుంచి నా పొట్టలో వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. మధ్యాహ్నానికి ఆరుసార్లు వెళ్ళొచ్చాను.

"పోవద్దప్పా," అన్నాడు నా గదిలో ఉండే నాగరాజన్న. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. "మొగం సున్నం కొట్టినట్ల ఉండాది. మజ్జిగన్నం తిని పండుకో."

"పొట్టని గట్టిగా బిగించి కడితే పేగులు కుదురుకుంటాయన్నా. పుస్తకంలో చదివాను."

"ఏం పుస్తకమప్పా?"

"లైబ్రరీది. ఎర్ర అట్ట."

"అట్ట ఎర్రగా ఉండాదంటే ఇంక డాక్టర్లెందుకులే."

ఆ రోజుల్లో అచ్చులో కనిపించిందల్లా నాకు వేదం. ఆ అధ్యాయం నడుంనొప్పి గురించి అని చాలాకాలానికి తెలిసింది. దాని మొదటి పేజీ ఎవరో మహానుభావుడు చింపుకుపోయాడు.

పొట్ట బిగించడానికి నా దగ్గరున్నది సైకిల్ నిక్కరు. ఒంటికి అతుక్కుపోయే నల్ల గుడ్డ, కూర్చునేచోట దిండులాంటి మెత్త, భుజాల మీదుగా రెండు పట్టీలు. దాని మీద చొక్కా, ప్యాంటు, టై, కోటు వేసుకున్నాను. పొట్ట నిజంగానే సద్దుమణిగింది. మహా గర్వంగా బయల్దేరాను.

హోటల్లో క్లబ్బు ప్రెసిడెంటు రావుగారు క్రమశిక్షణ మీద మాట్లాడుతూనే ఉన్నారు. ఇంతలో సూప్ వాసన వచ్చింది. పొట్ట నిద్రలేచింది.

"ఏం బాస్, ఆ చెమటలేంటి? టెన్షనా?" అన్నాడు పక్కనున్న సుధాకర్.

"ఏసీ పనిచేయట్లేదు."

"నాకు చలేస్తోంది బాస్."

"నీకు కండ లేదు," అని లేచి టాయిలెట్‌కి పరుగెత్తాను.

ఇప్పుడు ఆ నిక్కరు నిర్మాణం ఒకసారి ఊహించుకోండి. అది కిందికి దిగాలంటే పట్టీలు జారాలి. పట్టీలు జారాలంటే చొక్కా విప్పాలి. చొక్కా కంటే ముందు కోటు. ఉల్లిపాయ ఒలిచినట్టు నన్ను నేను ఒలుచుకున్నాను. టై ఒక్కటే మెడలో మిగిలింది. ఆఖరి క్షణంలో గట్టెక్కాను.

హమ్మయ్య అనుకునేలోపు గోడ మీది స్పీకర్లో నా పేరు.

పట్టీలు పైకి లాక్కుంటుంటే తలుపు కదిలి, దాని కొక్కేనికున్న చొక్కా, ప్యాంటు జారి నీళ్ళ బకెట్లో పడ్డాయి. రెండోసారి పిలిచారు. "సుధాకర్, రెడీగా ఉండవయ్యా," అన్నారు రావుగారు. దాంతో నా బుర్ర పనిచేయడం మానేసింది. పొడిగా మిగిలిన కోటు తగిలించుకుని, మూడో పిలుపుకి వేదిక ఎక్కాను.

ఒక వెయిటరు గిన్నె నిండాక కూడా సూప్ పోస్తూనే ఉన్నాడు.

"ఇదేం డ్రెస్సయ్యా?" అన్నారు రావుగారు.

ఏమీ తోచక, "రెడీగా ఉన్నాను సార్," అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. మైకు వైపు తిరిగారు. "చూశారా, కమిట్‌మెంట్ అంటే ఇదీ. ఇంత రెడీగా ఉన్న కెప్టెన్ని ఆదివారం దాకా ఆపడం దేనికి? రేపు పొద్దున్నే ఐదింటికి సైకిళ్ళ మీద నంది కొండకి. అరవై మందిమీ ఒకే లైను. కెప్టెన్ ముందు, మేమంతా సరిగ్గా ఆయన వెనకాలే."

సరిగ్గా నా వెనకాలే. ఆ మాటలోని ప్రమాదం నాకంటే ముందు నా పొట్టకి అర్థమైంది. చప్పట్లు ఆగకముందే మళ్ళీ అదే టాయిలెట్‌లో ఉన్నాను. కోటు విప్పుతూ, బకెట్లో తేలుతున్న చొక్కా సాక్షిగా ప్రమాణం చేశాను: ఒంట్లో బాగోలేనప్పుడు, ఎంత పెద్దమనిషి అడిగినా, "రెడీగా ఉన్నాను" అనే మాట ఈ జన్మలో మళ్ళీ అనను.