బొట్టు చెరగని మేకులు

తెలంగాణ ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను హసన్‌పర్తి దగ్గరి ఒక శీతల గిడ్డంగికి ప్లాంట్ ఫోర్‌మన్‌గా వేశారు. అంతకు ముందు పదహారేళ్లు ఐసు ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ ఆపరేటర్‌గా చేశాను. ఫోర్‌మన్ అంటే మేనేజర్‌కు కింద, ఆపరేటర్లకూ లోడర్లకూ పైన. యంత్రం చెడినా, మనిషి పడినా మొదటి సంతకం అతనిదే.

వరంగల్‌లో శీతల గిడ్డంగి అనగానే మిర్చి బస్తాలు గుర్తొస్తాయి. మిర్చికి చల్లదనం చాలు, గడ్డకట్టే చలి అక్కర్లేదు. మాది చేపలు, కోడిమాంసం, బఠాణీలు ఉంచే గిడ్డంగి. లోపలి గది సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉండేది. దాన్ని ఛాంబర్ అనేవాళ్లం. తలుపు తెరిచిన ప్రతిసారీ బయటి తేమ గాలి లోపలికి దూరి నేల మీద మంచుగా పేరుకుంటుంది. బూట్లు తిరిగి తిరిగి ఆ మంచు నున్నటి గాజులా గట్టిపడుతుంది. రోజుకు రెండుసార్లు గీకించేవాణ్ని. గీకిన గంటకే మళ్లీ పట్టేది. లోడరు ఇరవై కిలోల పెట్టెను ఛాతీకి ఆనించుకుని నడుస్తాడు, కాలి కింద ఏముందో అతనికి కనబడదు. పడి లేవలేకపోతే విరిగిన ఎముక సంగతి తర్వాత, ఆ చలికి ప్రాణమే పోవచ్చు. రెండేళ్లలో నాలుగుసార్లు మనుషులు జారారు, దెబ్బ తగలకుండా బయటపడ్డారు. ఐదోసారి ఏమవుతుందోనని నాకు భయంగా ఉండేది.

హెడ్డాఫీసుకు రాసిన ఉత్తరాలకు ఫలితంగా మంచు పట్టీలు వచ్చాయి, రెండు షిఫ్టుల లోడర్లకు పన్నెండు జతలు, నాకో జత. చలిదేశాల్లో మంచు పడిన వీధుల్లో నడిచేవాళ్లు బూట్ల మీద తొడుక్కునే రబ్బరు పట్టీలవి. సాగదీసి బూటుకు తగిలిస్తే అడుగున చిన్న చిన్న ఉక్కు మేకులు మంచును పట్టుకుంటాయి. ఛాంబర్ గడప దగ్గర తొడుక్కోవాలి, బయటికి రాగానే తీసేయాలి. ముందు గదిలోని నున్నటి టైల్స్ మీద ఆ మేకులతో నడిస్తే అక్కడే జారిపడతారు. లోడర్లలో పెద్దవాడు ఐలయ్య ఒక పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "మమ్ముల ఎడ్లను జేసి నాడెలు కొడ్తాండ్లా సారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. "నీకు నాలుగు సరిపోవు ఐలన్నా, తోకకు గూడ ఒకటి కావాలె" అని సదానందం అందుకున్నాడు.

సదానందం మా కాశిబుగ్గవాడే. గుంట మగ్గం మీద బతుకు గడవక గుంట పూడ్చేసి లోడరు పనికి వచ్చాడు. మా వాడలో నేను నడిపే భజన మండలిలో తాళం వేసేవాడు. నేను మా నాన్న దగ్గర పురాణాలు చదువుకున్నాను. శనివారం భజన అయ్యాక ఒక ఘట్టం చదివి అర్థం చెప్పడం నా వంతు. దేవుడి ముందు పెట్టిన వస్తువుకు కాలు తగలకూడదని అక్కడ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

పట్టీలు వచ్చిన రెండో రోజే దసరా. ప్లాంటులో ఆయుధ పూజ నా చేతుల మీదనే జరిగేది. కంప్రెసర్ ముందు కొత్త గుడ్డ పరిచి పానాలు, ప్రెషర్ గేజీలు పెట్టాం. మనుషుల ప్రాణం కాపాడే సామాను కదా అని లోడర్ల పన్నెండు జతలనూ, నా జతనూ నేనే గుడ్డ మీద పేర్చాను. ప్రతిదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి జత చేతికిచ్చాను. రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకున్నారు. నేను ఎంతో సంతోషించాను.

ముందు గది గోడకు పన్నెండు కొక్కేలు కొట్టించి నంబర్లు వేశాను. షిఫ్టు నడుస్తుంటే ఆ షిఫ్టు వాళ్ల ఆరు కొక్కేలు ఖాళీగా ఉండాలి, దిగాక నిండాలి. రోజూ చూసి రిజిస్టరులో టిక్కు పెట్టి సంతకం చేసేవాణ్ని. మూడు వారాలు ఒక్క టిక్కు తప్పలేదు.

కార్తీక మాసం మొదట్లో ఒక మధ్యాహ్నం ఛాంబర్ అలారం మోగింది. నా పట్టీలు తొడుక్కుని లోపలికి వెళ్లేసరికి సదానందం మంచు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. పెట్టె పగిలి బఠాణీలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎడమ కాలు తొడ దగ్గర, కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. ట్రాలీ తేవడానికి వెళ్లిన ఐలయ్య తిరిగి వచ్చి చూసి అలారం నొక్కేదాకా అతను ఒక్కడే పడి ఉన్నాడు. కనుబొమ్మల మీద తెల్లగా పొడి పట్టింది. నన్ను చూసి ఏదో అనబోయాడు. పళ్లు కొట్టుకోవడమే తప్ప మాట రాలేదు.

మోసుకెళ్లే బల్ల మీదికి ఎక్కిద్దామని వంగినప్పుడు అతని బూట్ల అడుగు చూశాను. ఉత్త రబ్బరు. ఐలయ్య బూట్లు చూశాను. అవీ అంతే. బయట ఆరు కొక్కేలూ ఖాళీగా ఉండటం లోపలికి వస్తూ నేనే చూశాను. తలెత్తితే, ఫ్యాను దగ్గరి ర్యాకులో అన్నిటికంటే పై అరన శుభ్రమైన అట్ట మీద ఆరు జతలు వరుసగా ఉన్నాయి. మేకుల మీద గీత పడలేదు. నేను పెట్టిన బొట్లు చెరగలేదు, వాటి మీద మంచు నూగు పేరుకుంది. ఐలయ్య రెండుసార్లు అరిస్తే గానీ బల్ల అంచు పట్టుకోలేకపోయాను.

అంబులెన్సు వెళ్లాక ఐలయ్యను నిలదీశాను. అతను నా ముఖంలోకి సూటిగా చూశాడు. "మీరే బొట్టు వెడ్తిరి, మీరే కొబ్బరికాయ గొడ్తిరి. గట్ల పూజ జేసినయి కాళ్లకెట్ల తొడుగుతం సార్? కండ్లు పోవా? కొక్కేనికి ఉంచితే మీరు ఫికర్ జేస్తరని లోపలికి తీస్కపోయి ఎత్తుల వెట్టుకున్నం."

మొక్కుబడిగా పూజ చేసినవాణ్ని కాదు. బొట్టు పెడితే వస్తువు ఏమవుతుందో వాళ్లకు నేర్పినవాణ్ని నేనే. నా పట్టీలకు మాత్రం ఆ రోజే కుంకుమ తుడిచి బూట్లకు తగిలించాను, అదేమిటని నాకు తోచనే లేదు.

మరునాడు పెద్ద దవాఖానకు వెళ్లాను. తొడ ఎముకకు రాడ్డు వేశారు. సదానందం మత్తులో ఉన్నాడు. పక్కన తల్లి నర్సమ్మ కూర్చుని ఉంది. జరిగింది చెప్పి, తప్పు నాదన్నాను. ఆమె కోపం చేయలేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది.

"మగ్గం మీద కాలితోని తొక్కే చెక్కలుంటయి గద బిడ్డా. పండుగనాడు వాటికి గూడ బొట్టు వెడ్తం. తెల్లారి కండ్లకద్దుకోని, తప్పయింది తల్లీ అనుకోని తొక్కుతం. తొక్కకుంటె బట్టెట్ల వస్తది? నా కొడుక్కు గూడ ఎరికే. మరి నువ్వు పెద్దోనివి, జర ఆ ముచ్చట నీ నోటితోని చెప్తే అయిపోయేటిది."

కాశిబుగ్గలో పుట్టి పెరిగినవాణ్ని. పురాణంలో లేని ఆ వాక్యం ప్రతి ఇంట్లోనూ మగ్గం గుంట దగ్గర ఉంది. నేను వినలేదు.

ప్రమాద నివేదిక మేనేజరు ముందే టైపు చేయించాడు. రక్షణ సామాను ఇచ్చినా కార్మికుడు వాడలేదు, నిర్లక్ష్యం అతనిదే అని అందులో ఉంది. నా రిజిస్టరే దానికి సాక్ష్యం. దాని మీద సంతకం పెడితే సదానందం ఉద్యోగం ఆ రోజుతో పోయేది. నేను పెట్టలేదు. నా చేత్తో వేరే కాగితం రాశాను: సామానును పూజలో పెట్టి, తర్వాత కాళ్లకు వేసుకోవచ్చని చెప్పనిది నేను, ఛాంబర్ లోపల చూడకుండా మూడు వారాలు టిక్కులు పెట్టింది నేను. నాకు మెమో వచ్చింది, ఆ ఏడాది ప్రమోషను ఆగింది. సదానందం ఐదు నెలలకు తిరిగి వచ్చాడు. కొంచెం కుంటుతాడు. బరువులు ఎత్తలేడు. గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పని ఇప్పించాం.

ఆ నివేదిక ఇచ్చిన రోజే అందరినీ గడప దగ్గర నిలబెట్టి ఒక జతను కళ్లకద్దుకున్నాను. నర్సమ్మ చెప్పిన "తప్పయింది తల్లీ" మాటే గట్టిగా అని, బొట్టుతో సహా బూట్లకు తొడుక్కుని మంచు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడిచాను. నా వెనక ఐలయ్య, తర్వాత మిగతావాళ్లు.

రక్షణ సామాను చేతికిచ్చి సంతకం తీసుకుంటే ఫోర్‌మన్ పని అయిపోదని ఆ సంఘటన నేర్పింది. ఆ వస్తువు మనిషి మనసులో ఏమైందో కనుక్కోవాలి, వాడుతున్నాడో లేదో వస్తువును చూసి తెలుసుకోవాలి. ఆ తర్వాత కొక్కేలు లెక్కపెట్టలేదు. ప్రతి సోమవారం మేకులను వేలితో తడిమి చూసేవాణ్ని. దసరా పూజ ఆపలేదు, పట్టీలకు బొట్టు పెట్టడం కూడా ఆపలేదు. హారతి అయిన వెంటనే అందరి ముందూ మొదటి జత నేనే తొడుక్కునేవాణ్ని. నేను రిటైరయ్యేలోగా ఆ పన్నెండు జతలూ మూడుసార్లు మార్చాం. ప్రతిసారీ మేకులు అరిగిపోయాకే మార్చాం.